టించరు మండలేదన్న చంద్రమ్మ

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు ఇద్దరు ఆ మధ్య చర్చి నుంచి మా ఇంటికి వచ్చి, "ఆంటీ, మీ సర్వీసుల నేర్చుకున్నది ఏమన్న ఉంటే మాకు జర చెప్పుండ్రి" అని అడిగారు. చాయ్ తాగినంతసేపూ చెప్పాను. తలలు ఊపారు గానీ కళ్ళు ఫోన్లలోనే ఉన్నాయి. నేను చెప్పింది చెవికెక్కలేదని తెలుస్తూనే ఉంది కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ ఆఫీసరు ఏ ఫైలు ఆపాడు అన్నవి ఇందులో ఉండవు. అవి మాట్లాడుకోవడానికి పెన్షనర్ల మీటింగు ఉంది. నేను రాసేది ఒక గోధుమరంగు మందు గురించి, దాని పేరు గురించి, ఒక మనిషి కాలు గురించి.

మాది ఎంకపల్లి. నా సర్వీసులో ఎక్కువ భాగం మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు పక్కన ఒక చిన్న సర్కారు దవాఖానలో గడిచింది. అందులోనూ డ్రెస్సింగు రూములో. కాన్పుల గదిలో పనిచేసే వాళ్ళకు మిఠాయిలు వస్తాయి. మందుల కిటికీ దగ్గర కూర్చునే వాళ్ళకు నమస్కారాలు వస్తాయి. డ్రెస్సింగు రూములో మాకు దొరికేది చీము, రక్తం, తిట్లు. అయినా ఆ గది అంటే నాకు ప్రాణం. ఇప్పటికీ ఎవరి మోకాలైనా గీసుకుపోయి కనిపిస్తే నా చేతులు ఊరుకోవు.

రంగు కనిపిస్తేనే మందు

టింక్చర్ అయోడిన్‌ను మా వైపు అందరూ టించరు అనే అంటారు. కొడవలి తెగినా, ముల్లు దిగినా, సైకిల్ మీంచి పడినా గడప దగ్గర నుంచే "సిస్టరమ్మా, జర టించరు పెట్టు" అంటూ వచ్చేవాళ్ళు. పుండు చుట్టూ గోధుమరంగు కనిపించాలి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా మండాలి, అప్పుడే మందు పడ్డట్టు. ఉప్పునీళ్ళతో శుభ్రంగా కడిగి, గాజుగుడ్డ కట్టి పంపితే వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా, "ఉత్త నీళ్ళు పోసి తోలిండ్రు. మందు దాసుకున్నరు" అని చెప్పి మరీ పోయేవాళ్ళు.

మంటను బట్టి ఇంకో నమ్మకం కూడా ఉండేది. మొదటి రోజు టించరు బాగా మండుతుంది. పుండు మానేకొద్దీ మంట తగ్గుతుంది. అసలు మండకపోతే మానినట్టే. నేనూ ఇది వింటూనే పెరిగాను. చాలా పుండ్ల విషయంలో అది నిజం కూడా, అందుకే అంత గట్టిగా నిలిచింది.

మా హెడ్ నర్సు అన్నమ్మ సిస్టర్‌ది కేరళ. తెలంగాణకు వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఆమె తెలుగు ఆమెదే. టించరు సీసాలను బీరువాలో పెట్టి తాళంచెవి నడుముకు దోపుకునేది. నేను చేరిన కొత్తలో, వచ్చిన వాళ్ళను త్వరగా పంపించేద్దామని టించరు అడిగితే ఆమె ఇచ్చేది కాదు.

"పుండు చూసినావా?"

"చూసిన సిస్టర్."

"ఎంత లోతు? వాసన ఉందా? చుట్టూ తోలు ఏ కలర్?"

నేను అంతగా చూసి ఉండేదాన్ని కాదు. ఆమె నన్ను మళ్ళీ వెనక్కి తోలేది. "మొదలు కడగాలి. ఆ మీద చూడాలి. కలర్ లాస్టు" అనేది. రోగుల ముందే అనేది. ఇంటికి వెళ్ళి మా అమ్మతో ఆమె గురించి చెప్పిన మాటలు ఇక్కడ రాయను. తొందర పెట్టే పై అధికారులు మీకు చాలామంది దొరుకుతారు. నెమ్మదిగా చూడమని తిట్టేవాళ్ళు దొరకడం అదృష్టం. ఆ అదృష్టం తిట్లు తింటున్నప్పుడు తెలియదు.

డాక్టరు గారు, ఆయన సిరా

తర్వాత కొన్నేళ్ళకు మా చుట్టూ ఉన్న ప్రపంచమే మారిపోయింది. గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాయి. గండిపేట దగ్గర కాలేజీలు, విల్లాలు లేచాయి. శంకర్‌పల్లి దాకా ఊరికొక వెంచర్, వెంచర్‌కొక రంగుల కమాను. భూములమ్మిన వాళ్ళు నల్లటి టింటు అద్దాల కార్లు కొన్నారు. ఆ కట్టడాలలో పని చేయడానికి ఒడిషా నుంచి, బెంగాల్ నుంచి, బీహార్ నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళ మాట మాకు తెలియదు, మా మాట వాళ్ళకు తెలియదు. కానీ వేలు తెగి వచ్చిన ప్రతి మనిషీ చెయ్యి చాపి అనే మాట మాత్రం ఒకటే, టించర్. అన్నమ్మ సిస్టర్ ఇంటి దగ్గర కూడా అదే మాటట.

ఒకరోజు ఉండబట్టలేక మా డాక్టరు నరహరి గారిని అడిగాను. "సార్, గీ మాట అసలు ఎవలది?"

ఆయనది శంకర్‌పల్లి. చదువు అయిపోగానే సరుకు ఓడల మీద డాక్టరుగా చేరి దేశాలు తిరిగి, అది విసుగొచ్చి ఈ చిన్న దవాఖానకు వచ్చిన మనిషి. రోగులు లేనప్పుడు ఇలాంటి ప్రశ్న అడిగితే ఆయనకు పండగే.

"ఓడల మీద నాకు సిరాతోని చానా తిప్పలుండె కరుణమ్మా" అని మొదలుపెట్టారు. "రోజు రిపోర్టు రాయాలె. సిరా అయిపోయేది. పోర్చుగల్‌ల దిగి దుకాణం పోయి ఇంకు అంటే వానికి సమజ్ కాలే. పెన్ను చూపిస్తే, ఓ టింతా అన్నడు. స్పెయిన్‌ల గూడ టింతానే. ఎర్ర ద్రాక్ష సారాను టింతో అంటరు ఆడ, రంగున్నది అని. జర్మనీ పోతే సిరాను టింటె అన్నరు. సరే, అంత ఒకదిక్కు దేశాలే గదా అనుకున్న. ఎక్కడో ఇండోనేషియాల దిగి, పెన్ను చూపిద్దామని జేబుల చెయ్యి పెడుతుంటే దుకాణపాయన నా వేళ్ళకున్న సిరా మరకలు చూసి, టింతానా సార్ అన్నడు. నాకు నవ్వాగలే."

ఆయన చెప్పిన దాన్ని నాకు అర్థమైనంతలో రాస్తాను. లాటిన్ భాషలో టింగెరె అంటే ముంచడం, రంగు అద్దడం. అద్దకానికి టింక్తూరా అని పేరు. బట్టలకు రంగులద్దే వాళ్ళ మాట అది. రంగు నీళ్ళతో రాయడం మొదలయ్యాక కొన్ని దేశాల్లో సిరాకు అదే పేరు అంటుకుంది. ఆ పేరు పోర్చుగల్ ఓడలు ఎక్కి ఇండోనేషియా దాకా సముద్రాలు దాటింది. ఫ్రాన్సులో మనిషి మొహం ఛాయకు ఆ మాటే వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళు లేత రంగును టింట్ అన్నారు. మందులు చేసేవాళ్ళు ఆకునో వేరునో సారాయిలో నానబెడితే సారాయి ఆ రంగు పట్టేది. దాన్ని టింక్చర్ అన్నారు. అయోడిన్‌ను స్పిరిటులో కలిపినప్పుడు దానికీ ఆ పేరే పెట్టారు. దొరల దవాఖానల నుంచి అది మన దగ్గరికి వచ్చి, మన నోళ్ళలో నలిగి టించరు అయింది.

"అంటే కార్లకేసే టింటు అద్దాలు గూడ మన టించరుకు సుట్టాలేనా సార్?" అన్నాను.

"సొంత అక్కజెల్లెండ్లు" అని నవ్వారు. "కానీ ఒకటి చూడు. పేరు రంగుది, పని అయోడిన్‌ది. జనం రంగును నమ్ముతరు. మనం గూడ అట్లనే నమ్మితే ఎట్ల?"

ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. అన్నమ్మ సిస్టర్ కూడా అదే చెబుతోంది కదా, ఇద్దరూ ఒకటే పాట పాడుతున్నారు అనుకున్నాను.

గులాబీ తోట ఆమె

మా చుట్టుపక్కల ఊళ్ళలో గులాబీ తోటలు చాలా ఉండేవి. చేవెళ్ల పక్క ఊళ్ళో చంద్రమ్మకు ఒక తోట ఉంది. భర్త పోయాక ఒంటిచేత్తో నడిపింది. పొద్దు పొడవకముందే పూలు కోసి, కట్టలు కట్టి, ట్రాలీ ఆటోలో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తోలేది. గులాబీ అన్నాక ముళ్ళు. కోతకు వచ్చే ఆడవాళ్ళ చేతులూ కాళ్ళూ గీసుకుపోయేవి. సాయంత్రం పని దిగే ముందు షెడ్డులో చంద్రమ్మ అందరినీ కూర్చోబెట్టి దూదితో టించరు అద్దేది. "రంగు పడ్డోళ్ళే ఇంటికి పోవాలె" అనేది. తన కూలీల మీద అంత శ్రద్ధ ఉన్న మనిషిని నేను ఆ చుట్టుపక్కల చూడలేదు. అందరూ ఆమెను టించరమ్మ అని ఆటపట్టించేవాళ్ళు. సీసా అయిపోయినప్పుడల్లా మా దగ్గరికి వచ్చేది, చేతిలో నాలుగు గులాబీలతో.

ఆమె కూతురు స్వప్న అప్పటికి హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో చేరింది. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి నోటితో చెప్పి రికార్డు చేస్తే, ఇక్కడ మన పిల్లలు చెవులకు పెట్టుకొని విని టైపు చేసే ఉద్యోగం అది. కంపెనీ కారు ఊళ్ళోకి వచ్చి తీసుకెళ్ళేది. చంద్రమ్మ ఆ సంగతి చెప్పని రోజు లేదు.

అవి పెళ్ళిళ్ళ రోజులు. పూలకు మంచి గిరాకీ. చంద్రమ్మ హడావుడిగా సీసా కోసం వచ్చింది. బయట పూల ఆటో ఇంజను ఆపకుండానే నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. నా చూపు ఆమె కుడికాలు మీద పడింది. వేళ్ళ నుంచి చీలమండ దాకా ముదురు గోధుమరంగు, మేజోడు తొడిగినట్టు.

"గిదేంది చంద్రమ్మా, కాలుకు గింత పూసుకున్నవ్?"

"ముల్లు దిగింది సిస్టరమ్మా. ఎప్పటిదో. మానినట్టే."

"మానిందని నీకెట్ల తెలుసు?"

"టించరు జరంత గూడ మండుతలేదు. ఎంత పోసినా సల్లగనే ఉన్నది" అని సంతోషంగా చెప్పింది.

ఆమె దగ్గర ఎప్పుడూ గులాబీల వాసన వచ్చేది. ఆ రోజు దాని కింద ఇంకో వాసన ఉంది. డ్రెస్సింగు రూములో పనిచేసే వాళ్ళు ఆ వాసనను మర్చిపోరు. పుండు మానితే మండదు, నిజమే. కానీ కాలుకు స్పర్శ పోయినా మండదు.

"కాలు బల్ల మీద పెట్టు, కడుగుత" అన్నాను.

"రంగు గడుగకు సిస్టరమ్మా, పొద్దుగాలనే పెట్టిన. పూలు వాడిపోతున్నయ్, సీసా ఇయ్యి, పోత."

నాకు కోపం వచ్చింది. మెత్తగా చెప్పే ఓపిక నాకు ఎన్నడూ లేదు. అన్నమ్మ సిస్టర్ బీరువాలోంచి తీసిచ్చిన సీసాను నా కొంగు కింద పెట్టుకుని, "కాలు కడుగనిస్తెనే సీసా. లేకుంటే నీ కూలోళ్ళకు సున్నం పూసుకో పో" అన్నాను. గొణుక్కుంటూ కాలు పెట్టింది.

స్పిరిటులో ముంచిన దూదితో తుడుస్తుంటే రంగు పొరలు పొరలుగా వచ్చింది. కింద చిటికెన వేలు నల్లబడి ఉంది. పక్క వేలు మొదట్లో, అరికాలి వైపు, ఒక గుంట. పాదం మీద ఎరుపు చీలమండ దాటి పైకి పాకుతోంది. రంగు ఉన్నంతసేపూ ఆ ఎరుపు కనిపించే దారే లేదు. మంచి మనసుతో, రోజూ మరచిపోకుండా, తన చేత్తో తానే కప్పేసుకుంది.

నరహరి గారు వచ్చారు. మాట్లాడుతూనే గుండుసూదితో ఆమె పాదం మీద తాకించారు. చంద్రమ్మ మార్కెట్ ధరల గురించి చెబుతూనే ఉంది. ఆయన నా వైపు చూశారు. ఆ చూపు చాలు. మూత్రం పట్టించి పరీక్ష చేశాను. నీలంగా ఉండాల్సిన మందు కాచగానే ఇటుక రంగుకు తిరిగింది. ఆమెకు షుగరు ఉంది, ఎన్నాళ్ళ నుంచో ఉంది, ఎవరికీ తెలియదు.

"ఇయ్యాలనే సిటీ పెద్ద దవాఖానకు పోవాలె" అన్నారు డాక్టరు గారు.

"పూలు అమ్ముకొని రేపు పోత సారు."

"రేపటికి కాలుంటదో లేదో నేను చెప్పలేను."

"నొప్పే లేదు గద సారు" అంది. మొండితనం కాదు అది. ఆమె తన కాలు చెప్పిందే నమ్ముతోంది.

స్వప్న టైపు చేసిన పాదాలు

అదే సమయానికి స్వప్న డ్యూటీకి వెళుతూ దవాఖాన ముందు తమ పూల ఆటో చూసి కారు ఆపించింది. లోపలికి వచ్చి, డాక్టరు గారు రాసిన చీటీ చదివింది. చదివి, తల్లి కాలు చూసింది. అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"రోజు గిదే టైపు చేస్త సార్" అంది ఏడుస్తూ. "షుగరు, పాదం, స్పర్శ లేదు, వేలు తీసినం, మోకాలు కిందికి తీసినం. ఎవలెవలియో కాళ్ళు. ఒక్క స్పెల్లింగు తప్పు పోనియ్య. మా అమ్మ కాలు నేను ఒక్కనాడు చూడలే."

తప్పు ఆ పిల్లది కాదు. ఇంట్లో మనిషి రోజూ శ్రద్ధగా మందు పూసుకుంటుంటే ఎవరైనా బాగయిపోతోందనే అనుకుంటారు. చంద్రమ్మ మాత్రం కూతురు ఏడవడం చూసి మొదటిసారి భయపడింది. "ఏడువకు బిడ్డా, పోదాం గని" అని తనే కూతుర్ని లేవదీసింది. ఆటో డ్రైవరు పూలు తానే అమ్ముకొస్తానని వెళ్ళాడు. కంపెనీ కారు డ్రైవరు ఎవరినీ అడగకుండానే వెనక సీటు వాల్చి, కాలు చాపుకోవడానికి చోటు చేశాడు. అన్నమ్మ సిస్టర్ తన దుప్పటి తెచ్చి ఆ కాలు కింద పెట్టింది. కారు కదిలాక నా దగ్గరికి వచ్చి, బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా అది నా దగ్గరే ఉంది.

పెద్ద దవాఖానలో రెండు వేళ్ళు తీశారు. కాలు మిగిలింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని అక్కడి డాక్టరు చెప్పాడట. తర్వాత ఎన్నో నెలలు చంద్రమ్మ కట్టు మార్పించుకోవడానికి నా దగ్గరికే వచ్చింది. అన్నం తినొద్దన్నానని నన్ను తిట్టింది, సూది రోజూనా అని డాక్టరు గారిని తిట్టింది. ఆమె తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచి వచ్చేది.

చెప్పాలనుకున్నవి

ఇప్పటి మందులు వేరు. టించరు దాదాపు కనుమరుగైంది, వేరే మందులు వచ్చాయి. అయినా నేను చూస్తున్నాను, పుండు సరిగ్గా చూడకుండానే రంగు పూసి కట్టు కట్టే చేతులు ఇంకా ఉన్నాయి. రోగి సంతోషిస్తాడు, క్యూ కదులుతుంది, పై వాళ్ళూ మెచ్చుకుంటారు. అది పని కాదు, పని చేసినట్టు కనిపించడం. నొప్పి లేదని రోగి చెబితే వెంటనే సంతోషపడకండి. ఎందుకు లేదో చూడండి.

డాక్టరు గారు ఇప్పుడు లేరు. ఆయన చెప్పిన ఓడల కబుర్లు నాకు కాలక్షేపం అనిపించేవి. ఇప్పుడు ఆలోచిస్తే, ఎక్కడో రంగులద్దే వాళ్ళ తొట్టి నుంచి బయలుదేరిన మాట ఒకటి సిరాలోకి, సారాలోకి, కారు అద్దాల్లోకి పాకి, ఇన్ని దేశాలు తిరిగి, ముల్లు గుచ్చుకున్న మా ఊరి ఆడవాళ్ళ నోటికి చేరడం ఎంత చిత్రమైన సంగతి. ఏ భాషలోకి వెళ్ళినా అది రంగు సంగతే చెప్పింది, రోగం కుదురుస్తానని ఎక్కడా మాట ఇవ్వలేదు. ఆ నమ్మకం మనం తగిలించుకున్నదే. ఈ సంగతి నాకు తెలియజెప్పినందుకు ఆయనకు, నన్ను వెనక్కి తోలినందుకు అన్నమ్మ సిస్టర్‌కు నేను రుణపడి ఉన్నాను. స్వప్నకు తర్వాత కంపెనీలో జర్మన్ నేర్పించారు. నేను ఎప్పుడో చెప్పిన సిరా కబురు గుర్తుపెట్టుకుని ఒకసారి వచ్చి, "సిస్టర్, మీ సారు చెప్పింది నిజమే, సిరాను టింటె అనే అంటరు" అని చెప్పింది. ఆయన లేరని గుర్తొచ్చి ఇద్దరం ఏడ్చాం.

రిటైరయ్యాక నాకూ షుగరు వచ్చింది. మొన్న వానలు వెలిశాక చంద్రమ్మ తోటకు వెళ్ళాను. తోట సగమైంది, మిగతా సగంలో వెంచర్ వాళ్ళు పాతిన ప్లాట్ల రాళ్ళు. పొద్దుగూకే వేళకు కోతవాళ్ళు షెడ్డు ముందు నల్లా దగ్గర వరసగా కూర్చున్నారు. కాళ్ళు కడుక్కుని, ఒకరి పాదాలు ఒకరు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు, అరికాళ్ళు చూసుకుంటున్నారు. తన కాలు తనకు సరిగ్గా కనపడదు కాబట్టి పక్క వాళ్ళే చూడాలని చంద్రమ్మ పెట్టిన పద్ధతి. నవ్వులు, ఎకసెక్కాలు, పక్కింటి కబుర్లు. అన్నీ చూడటం అయిపోయాకే ఇంటికి.

"నువ్వు గూడ కూసో సిస్టరమ్మా" అంది.

"నాకెందుకే, నేను నర్సును" అన్నాను.

"నర్సువైతే కాళ్ళు లెవ్వా?" అని నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. చెప్పులు తీసి, నీళ్ళు పోసి, నా పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది. సర్వీసంతా ఎందరి కాళ్ళో కడిగాను గానీ నా కాలు ఇలా ఎవరూ పట్టుకోలేదు. సిగ్గుగా అనిపించింది. చంద్రమ్మ ఒక్కో వేలూ విడదీసి చూస్తూ, మడమ దగ్గర ఆగింది. కొత్త చెప్పు ఒరుసుకుని పొక్కు లేచి పగిలి ఉంది. చుట్టూ ఎర్రగా ఉంది.

"నాకు తెల్వనే తెల్వలే చంద్రమ్మా" అన్నాను.

"తెల్వది. గందుకే నేను చూస్తున్న" అంది. నా కాలు ఒళ్ళోంచి దించకుండానే తల తిప్పి, దవాఖానకు పోవాలె, ఆటో దీయుమని కేకేసింది.